అమ్మవారి ముక్కు

నన్ను జైలుకు పంపాలని వచ్చిన మనిషికి మా ఆవిడ టీ ఇచ్చింది. రెండోసారి వస్తే ఉగ్గాని కూడా పెట్టింది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పని నాది. అతను నంద్యాల నుంచి వచ్చానని, గోస్పాడు దగ్గర పొలం ఉందని, పాత విగ్రహాలంటే పిచ్చి అని చెప్పుకున్నాడు. నిజానికి మఫ్టీలో వచ్చిన పోలీసు. ఎవరో కొత్త విగ్రహాలను పొలంలో దొరికిన పాతవని చెప్పి అమ్ముతున్నారట. అందులో మా వీధివాళ్ల చెయ్యి ఉందని వాళ్ల అనుమానం. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

దుడ్ల ఆశ చూపి ఉంటే ఆ పూటే తరిమేసేవాణ్ణి. అతను అంత తెలివితక్కువవాడు కాదు. నేను చెక్కిన అమ్మవార్లను అటూ ఇటూ తిరిగి చూసి, ఇప్పటి శిల్పులకు నునుపు చేయడమే వచ్చునని, పాతకాలపు పని తెలిసినవాళ్లు ఎప్పుడో పోయారని నిట్టూర్చాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకు రాదా అని వేరే పని ముట్టుకోకుండా మూరెడు అమ్మవారిని చెక్కాను. చింతపండు పులుసు పట్టించి, వానాకాలమంతా పేడదిబ్బలో పాతిపెట్టాను. బయటికి తీసి కడిగితే ఆమె మా ముత్తవ్వకు ముత్తవ్వలా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మురిసిపోయాను.

కబురు పెడితే అతను వచ్చాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సుత్తి తీసి నా చేతికిచ్చాడు.

"అన్నా, ముక్కు కొంచెం ఎగరగొట్టు. అప్పుడే పాతదంటే నమ్ముతారు."

సుత్తి ఎత్తాను కూడా. భిన్నమైన విగ్రహానికి పూజ ఉండదు. ఉలి జారి ముక్కు పోయిన రోజున అన్నం ముట్టనివాణ్ణి నేను. చెయ్యి దిగలేదు.

"నా వల్ల కాదప్పా. కావాలంటే నా ముక్కు కొట్టు."

మా ఆవిడ పకపకా నవ్వింది. అతను బెంచీ మీద కూలబడి తానెవరో చెప్పాడు. వీధి మలుపులో జీపు కాచుకొని ఉందట. నాకు ఒళ్లు మండింది.

"కొట్టమనింది నువ్వే గదప్పా?"

"నేనే. నువ్వు కొట్టింటే కేసు నీ మీద. నేను చెప్పిన మాట ఆ కాగితాల్లో యాడా ఉండదు."

అంతా అయ్యాక, ఆ అమ్మవారిని తన ఇంటికి ఇస్తావా అని మెల్లగా అడిగాడు. పొమ్మనబోయాను. మా ఆవిడ అడ్డం వచ్చింది.

"ఇస్తాం. జీపులో ఉండేవాళ్లను గూడా పిలువు. ఇది కొత్తదని పీఠం కింద చెక్కేది అందరూ చూడాల."

ఊరు పేరు, నా పేరు, ఈ సంవత్సరం చెక్కుతున్నంతసేపూ పోలీసులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పని ముగిశాక అతను చెప్పులు విడిచి, రెండు చేతులూ చాపాడు. ఆ చేతుల్లో అమ్మవారిని పెడుతుంటే నాకు కోపం కన్నా నవ్వే ఎక్కువ వచ్చింది.