ఏ గీత ఆమెది

డెబ్బైల చివర్లో హనుమకొండలోని ఒక కాలేజీ లైబ్రరీలో, వచ్చినవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పే బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. ప్రతి ప్రశ్నకూ రిజిస్టర్లో ఒక గీత గీయాలి. దారి అడిగితే ఒక గడి, పుస్తకం అడిగితే మరొకటి. నెలాఖరున గీతలు కూడి పైకి పంపాలి. తర్వాత మరిచిపోతానని, మనిషి నోరు తెరవగానే గీత గీసేయడం నాకు అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం తొర్రూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు.

"ఆడపిల్లలు కూసోని చదివే జాగ ఏడున్నది సారూ?"

తలెత్తకుండానే దారి గడిలో గీత గీసి, కిటికీ పక్క కుర్చీల వైపు చూపించాను. ఆయన ఆ కుర్చీల దగ్గర చాలాసేపు నిలబడి తిరిగొచ్చాడు.

"నా బిడ్డ రెండేండ్లు ఈడనే చదివింది సారూ. పోయిన నెల దవాఖానల పాణం ఇడిసింది. ఏదడిగినా లైబ్రరీ సారు ఓపికతోని చెప్తడని ఇంట్ల అనేది. ఏ కుర్సీల కూసునేదో జర చూపియ్యుండ్రి."

నా ఓపిక ఎంతో నాకు తెలుసు. ఆయన బిడ్డ పేరు చెప్పినా ఆ పిల్ల ముఖం నాకు గుర్తు రాలేదు. ఏదో ఒక కుర్చీ చూపించాను. ఆయన దాన్ని తువ్వాలతో తుడిచి వెళ్లిపోయాడు.

సాయంత్రం పాత రిజిస్టర్లు తిరగేశాను. ఆ పిల్ల అడిగిన ప్రతి ప్రశ్నా వాటిలో ఒక గీతగా ఉంది. ఏ గీత ఆమెదో మాత్రం నాకు తెలియలేదు.