వంకర పాపిట

మొన్న ఒక పెళ్ళింట్లో ఎవరో అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తుంటే, ఆ టక్కుటక్కు చప్పుడుకి పక్కావిడ మాటలు వినడం మానేశాను. బోధన్‌లో మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచిన పక్కింటావిడ నా ఉర్దూ గజళ్ళు దిద్దేటప్పుడు వినిపించిన చప్పుడది. నేను చదువుతుంటే వక్కలు కత్తిరించేది. పాదం నడక తప్పిన చోట ఆమె చెయ్యి ఆగిపోయేది. ఆడవాళ్ళ ముషాయిరాల్లో, ఆ కవిగోష్ఠుల్లో, ఆమెకు మంచి పేరుండేది. నేను చదివింది ఉర్దూ బడిలోనే అయినా ఇంట్లో మాది తెలుగు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి.

గజల్ అంటే విరహమే అనుకుని, కన్నీళ్ళతో ఒకటి రాసి తీసుకెళ్ళాను. "తప్పేం లేదు బేటీ. కాని ఇట్ల ఎవరన్న రాస్తరు. పోయి మీ అవ్వకు తెలుగుల చెప్పు, ఏమంటదో చూద్దాం" అంది. చెప్పాను. బియ్యం చెరుగుతున్న అవ్వ, అమ్మను మేం అలాగే పిలిచేవాళ్ళం, చాట పక్కన పెట్టి, "ఎవడే వాడు?" అంది. ఎవడూ లేడని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. ఖాలా ఇంటి గడప తొక్కొద్దంది. చివరికి ఖాలాయే వచ్చి, "ఎవడూ లేడక్కా, అదే దీని తిప్పల" అని నవ్వితే గాని అవ్వ మెత్తబడలేదు.

ఆ ఏడే మా అక్కను బాల్కొండకు ఇచ్చారు. రోజూ నాకు జడ వేసేది అక్కే. ఆమె లేని ఇల్లు నాకు నచ్చలేదు. 'నువ్వు వెళ్ళాక నా జడ నేనే వేసుకుంటున్నాను, పాపిట వంకరగా వస్తోంది' అని ఉర్దూలో రాసుకున్నాను. నిజామాబాద్ ముషాయిరాకు నన్ను మొదటిసారి తీసుకెళ్ళాలని ఖాలా దాన్ని ఎంచి, రెండో పాదాన్ని 'నా కురుల నిండా చీకటి రాత్రులు' అని మార్చింది. ఎంత అందంగా ఉందో! రెండూ అవ్వకు తెలుగులో వినిపించాను. ఖాలాది విని "మంచిగున్నది" అంది. నాది విని కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అక్కను ఒకసారి వచ్చి పొమ్మని కబురు పంపుదామే" అంది.

ఉస్తాద్ దిద్దినదాన్ని కాదనడం ఎంత పొగరో నాకు తెలుసు. "ఖాలా, మీ పాదం చాలా బాగుంది. కాని అండ్ల మా అక్క లేదు" అన్నాను. ఆమె చేతిలో అడకత్తెర ఆగిపోయింది. ఇక నన్ను తీసుకెళ్ళదనుకున్నాను. మళ్ళీ ఒక వక్క తీసుకుని, "అయితే నీదే ఉంచు. కాని నడక కుంటుతున్నది, సరిచెయ్యి. ఉర్దూ నీదే కావాలె, తప్పు మాత్రం కావొద్దు" అంది. ఆ మధ్యాహ్నమంతా మాటలు అటూ ఇటూ జరిపించింది. పాపిట జోలికి మాత్రం పోలేదు.

నిజామాబాద్‌లో నేను చదవగానే ఒక పెద్దావిడ, "వంకర పాపిట గజల్లో ఏమిటి? మీ ఉస్తాద్ దిద్దలేదా?" అని అడిగింది. ఖాలా లేచి, "దిద్దాను. ఆ పాపిట ఈ పిల్లది. అది ఎట్లా ఉండాలో చెప్పడానికి నేనెవరిని?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మళ్ళీ చదువు బేటీ" అంది. చదివాను.

ఇప్పటికీ నా కవితలో ఎవరు తప్పు పట్టినా సంతోషంగా దిద్దుకుంటాను. దిద్దుబాటులో నా మనుషులు కనబడకుండా పోతే మాత్రం, చెప్పింది ఎంతటివారైనా వద్దంటాను. అలా వద్దనే ధైర్యం నాకిచ్చింది, నేను మొదట వద్దన్న మనిషే.