బొటనవేలు పడిన రోజు

నిన్న కల్వకుర్తిలో రేషన్ బియ్యం కోసం వరుసలో నిలబడితే, డీలరు చిన్న యంత్రమొకటి నా కంటికి ఎదురుగా పట్టి, రెప్ప వాల్చేలోగా పని అయిపోయిందన్నాడు. నేనేమో అలవాటు కొద్దీ బొటనవేలు చాచుకునే ఉన్నాను. వెనకున్న ఆడపిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వనీ, ఆ వేలు గెలిచిన గెలుపు వాళ్లకేం తెలుసు? నా ఈడువాళ్లకైతే సగం చెప్పగానే అర్థమవుతుంది.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో నేను మేస్త్రీల దగ్గర కూలికి పోయేదాన్ని. పొద్దంతా సిమెంటు కలిపి తట్టలు మోస్తే సాయంత్రానికి చేతులు బూడిద రంగుకు తిరిగేవి. మా ఇంట్లో ఒంటి శుభ్రమంటే ఒకటే లెక్క: బట్టల సబ్బు పెట్టి, ఇటుక పెంకుతో చర్మం చురుక్కుమనేదాకా తోమడం. మంట పుడితేనే మురికి పోయినట్టని మా అత్త నమ్మకం. ఆమె అలాగే తోముకునేది, నన్నూ వదిలేది కాదు.

ఆ రోజుల్లోనే రేషన్ దుకాణానికి వేలిముద్ర యంత్రం వచ్చింది. మా ఆయన పనికని పట్నంలో ఉండేవాడు, పిల్లలు హాస్టళ్లలో ఉండేవాళ్లు, అత్త వేళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఇంటికి బియ్యం రావాలంటే నా వేలే దిక్కు. అదేమో పడలేదు. వరుసలో ఉన్నవాళ్లంతా వైద్యులైపోయి, ఒకామె కొంగుకు తుడవమంటే ఒకాయన తలకు రుద్దమన్నాడు. "ఈ ఏలు నీది కాదంటాంది మిషను, నేనేం జెయ్యాలె అక్కా?" అన్నాడు డీలరు. నేను నేను కాదన్నట్టే కదా! ఉత్త సంచితో ఇంటికొచ్చి ఏడ్చాను.

మురికి వల్లే పడలేదని తేల్చింది అత్త. మళ్లీ వెళ్లే ముందు నన్ను కూర్చోబెట్టి, కొత్త పెంకు తెచ్చి, నా వేళ్లను మాడిన గిన్నె తోమినట్టు తోమింది. నున్నగా మెరిసే వేళ్లతో ధీమాగా వెళ్లాను. యంత్రం మళ్లీ మొండికేసింది.

పగుళ్లలోంచి నెత్తురు కారుతుంటే దవాఖానకు పోయాను. డాక్టరమ్మ నా చేతులు తిప్పి చూసి, "నీ ముద్రను నువ్వే రోజూ గీకి పారేస్తున్నవమ్మా" అంది. పెంకూ బట్టల సబ్బూ మానేయమంది, పనిలో తొడుగులు వేసుకోమంది, చేతులు కడిగాక తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయమంది. సూదైనా వెయ్యలేదని అత్త మండిపడింది.

రబ్బరు తొడుగులతో పనికి పోతే "దొరసాని వచ్చింది, కుర్సీ ఎయ్యుండ్రి" అని మేస్త్రీ ఎగతాళి. ఇంట్లోనేమో నేను పెంకును గోడ అవతలికి విసిరేస్తే, అత్త వెతికి తెచ్చి నీళ్ల తొట్టి పక్కన పెట్టేది. నేను మళ్లీ విసిరేసేదాన్ని. వేరు కాపురముండే తోడికోడలు పెట్టిన బియ్యంతో పొయ్యి వెలిగించుకుంటూ పట్టు మాత్రం వదల్లేదు. నెమ్మదిగా పగుళ్లు కూడుకున్నాయి. ఒకనాడు ఎండలో చూసుకుంటే బొటనవేలి మీద సన్నటి గీతలు, అప్పుడే దున్నిన చెలకలా!

దుకాణంలో వేలు ఆనించగానే యంత్రం కుయ్యిమని చీటీ బయటికి తోసింది. "పడ్డది, పడ్డది!" అని వరుసంతా కేకలు. అందరికంటే పెద్ద గొంతు మా అత్తదే: "నా కోడలి ఏలు గది!" పెంకుతో తోమిందీ ఆమే, మురిసిందీ ఆమే. దగ్గరిదారి ఉన్నా, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని బజారు మీదుగానే నడిచాను. ఇంటికి రాగానే అత్త తన రెండు చేతులూ నా ముందు చాపింది. నూనె రాశాను. ఆమె వేలు చివరిదాకా పడలేదు గానీ, చేతులు మాత్రం మెత్తబడ్డాయి.

ఇప్పుడు మా బిడ్డ అద్దం ముందు రకరకాల క్రీముల సీసాలున్నాయి. కన్ను చూసి బియ్యం ఇస్తున్నారు, మంచిదే, కూలి చేసుకునే మనిషి ఉత్త సంచితో తిరిగి రావక్కర్లేదు. వేలితో ఇక ఎవరికీ పనిలేదు. అత్త పోయి కూడా చాలా కాలమైంది. అయినా సాయంత్రం చేతులు కడుక్కుని సీసా వంచితే, ఇప్పటికీ ఇద్దరికి సరిపడా నూనె పడుతుంది.