సరస్వతి ముందు పెట్టిన పెన్ డ్రైవ్

ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాణ్ణి లోకం వెధవ అంటుంది. ఇల్లు కాలకుండానే, ముందుజాగ్రత్తగా బావి తవ్వుదామని ఇంటినే పడగొట్టినవాణ్ణి ఏమంటారో నాకు తెలీదు. మా అమ్మకు తెలుసు, కానీ ఆ మాట ఇక్కడ రాయలేను. మీరు నవ్వడానికే చెబుతున్నాను, నవ్వండి. మా ఇంట్లో మాత్రం ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.

అప్పట్లో నేను శృంగవరపుకోటలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేవాణ్ణి. బ్యాకప్ లేని బతుకూ ఒక బతుకేనా అని రోజూ ఉపన్యాసం దంచేవాణ్ణి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు కదా, నేను పడుతూ పడుతూ మా నాన్నని కూడా లాక్కుపోయాను.

మా నాన్న విజయనగరంలో వయొలిన్ మాస్టారు. ఎడమచేతి వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైనప్పుడు, అవి పూర్తిగా మొరాయించేలోగా తనకొచ్చిందంతా వాయించి కంప్యూటర్లో రికార్డు చేసుకున్నాడు. ఒక్కో పాఠం ఒక్కో ఫైలు. తరవాత వేళ్ళు ఆగిపోయాయి. వయొలిన్‌ని గజపతినగరం నుంచి బస్సులో వచ్చే శిష్యురాలు పార్వతికి ఇచ్చేశాడు. ఆ అమ్మాయికి సగం పాఠాలే అయ్యాయి. మిగతా సగం ఆ ఫైళ్ళు వింటూ నేర్చుకోవాలి.

దసరాల ముందు ఆ కంప్యూటర్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిద్దామంటే జాగా చాలదంది. నాన్న ఫైళ్ళన్నీ ఒక పెన్ డ్రైవ్‌లోకి మార్చి ఆయన చేతికిచ్చాను. మార్చడమంటే కాపీ కాదు, ఇక్కడ కట్ చేసి అక్కడ పెట్టడం. వారం తిరక్కుండా ఆ సంగతి మర్చిపోయాను.

మూలా నక్షత్రం రోజున అమ్మ సరస్వతి ముందు పుస్తకాలు పెట్టింది. ఏటా వాటి పక్కన వయొలిన్ ఉండేది. ఈసారి నాన్న జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి, బొట్టు పెట్టి, పుస్తకాల మీద ఉంచాడు.

"ఇప్పుడు నా వాయిద్యం ఇదే కదేటి," అన్నాడు.

పూజలో పెట్టినవి విజయదశమి దాకా తియ్యకూడదు. అది మా ఇంటి చట్టం. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం ఏడాది మొత్తంలో ప్రశాంతంగా ఉన్నది ఆ మూడు రోజులే.

మర్నాటికి కొత్త సిస్టమ్ ఎక్కేసింది. ఇక నాలోని మాస్టారు లేచి కూర్చున్నాడు. రేపు ఇది పడకేస్తే? మళ్ళీ లేపడానికి రికవరీ డిస్కు ఒకటి చేసిపెట్టుకోవద్దూ? దానికి పెన్ డ్రైవ్ కావాలి. పండగకి దుకాణాలు మూసేశారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే, అదీ అమ్మవారి ముందుంది. చెయ్యి చాపుతుంటే వంటింట్లోంచి అమ్మ చూసింది.

"ఒరే, పూజలోది ముట్టకు. దసమి వరకూ ఆగలేవేటి?"

"అమ్మవారికి పెన్ డ్రైవ్‌తో ఏటి పనమ్మా? గంటలో పెట్టేస్తాను."

"అందులో మీ నాన్న పాఠాలున్నాయిరా."

"అవి కంప్యూటర్లోనూ ఉన్నాయి. కంప్యూటర్ సంగతి నాకు సెప్తావేటి?"

ఈ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని కంప్యూటర్ కూడా చెప్పింది పాపం. అమ్మ మాట విననివాడు దాని మాట వింటాడా? నెక్స్ట్ నొక్కాను. తాతల నాటి నుంచీ చదువే ఆస్తి అనుకునే ఇల్లు మాది. ఆ ఇంట్లో పుట్టి, సరస్వతి ఎదుటే, ఒక్క వాక్యం చదవలేకపోయాను. డిస్కు తయారయ్యాక, చెదిరిన బొట్టు మళ్ళీ దిద్ది పుస్తకాల మీద పెట్టేశాను.

విజయదశమి ఉదయం పార్వతి వయొలిన్ పట్టుకుని వచ్చింది. ఆ రోజే కొత్త పాఠం మొదలు. నాన్న పెన్ డ్రైవ్‌ని కళ్ళకద్దుకుని, కంప్యూటర్‌కి పెట్టి, ఆన్ చేశాడు. నీలం తెర వచ్చి ఏ భాష కావాలో ఎంచుకోమంది. ఆయన పైనుంచి కిందిదాకా చదివాడు. ఆయన అన్నీ చదువుతాడు.

"ఏవేవో భాషలు అడుగుతన్నాదిరా ఇది. నా పాఠాలేవీ?"

కంగారుగా కంప్యూటరంతా గాలించాను. కట్ చేసింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. జరిగిందంతా చెప్పేసి తలొంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు.

"మరి ఈ రికవరీ డిస్కు దేన్ని తిరిగి తెస్తాది?"

"కంప్యూటర్‌ని."

"కంప్యూటర్‌కేటైనాది?"

"ఏటీ అవలేదు నాన్నా."

నాన్న పార్వతి వైపు తిరిగి, తాను పాడతాననీ, విని పట్టుకోమనీ చెప్పాడు. పాడుతూ పాడుతూ ఒకచోట వేలు ఎలా జార్చాలో చూపించబోయి ఎడమచెయ్యి ఎత్తాడు. దానివైపు చూసుకుని దించేశాడు. తరవాత పెన్ డ్రైవ్‌ని విశాఖపట్నం పట్టుకెళ్తే, చెరిగిన ఫైళ్ళు వెతికిపెట్టే షాపువాడు కష్టపడి రెండు ఫైళ్ళు బయటికి తీశాడు. రెండింట్లోనూ గరగర తప్ప ఏమీ లేదు.

నాలుగేళ్ళయింది. ఆ దిక్కుమాలిన కంప్యూటర్‌కి ఇంతవరకూ జలుబైనా చెయ్యలేదు. ఏటా మూలా నక్షత్రం నాడు అమ్మ ఆ రికవరీ డిస్కుకే బొట్టు పెట్టి పుస్తకాల మీద ఉంచుతుంది, మీ నాన్న వాయిద్యం కదరా అంటుంది. చెప్పుతో కొట్టినా ఇంతకన్నా నయం.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నెక్స్ట్ అన్న మాట ఎక్కడ కనబడినా కాళ్ళూ చేతులూ కడుక్కుని, పైన రాసిందంతా గట్టిగా చదివి, అమ్మని అడిగి గానీ నొక్కను. నాన్నని మాత్రం అడగను. ఒకసారి అడిగాను.

"నొక్కురా," అన్నాడు. "ఇంకేటున్నాది పోడానికి."