ఆంటీ పెట్టిన అంకెలు

మంగళవారం పొద్దున మా పైఫ్లోర్ ఆంటీ చనిపోయారు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని మా టవర్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు హిందీలో రెండు లైన్లుగా వచ్చింది. చదివి ఫోను బోర్లా పెట్టేశాను. ఆవిడకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

ఆవిడది భీమవరం దగ్గర. ముప్ఫై ఏళ్లు ఇక్కడే ఎముకల వార్డులో నర్సుగా చేశారు. రిటైరయ్యాక త్రీడీ ప్రింటర్ కొనుక్కుని, విరిగిన వేళ్లకు కట్టే బద్దలు చేసి చర్చి క్లినిక్కుకి ఊరికే ఇచ్చేవారు. మెషీన్ నడపడం మొదట చూపించింది నేనే. ఆర్నెల్లు తిరక్కుండా నాకే పాఠాలు చెప్పారు.

ప్రింటర్‌లో నాలుగు మోటార్లు. ఒక్కోదానికి ఎంత కరెంటు వెళ్లాలో మెషీన్ని నడిపే లోపలి ప్రోగ్రాంలో, అంటే ఫర్మ్‌వేర్‌లో ఒక అంకె ఉంటుంది. తక్కువైతే మోటారు అడుగు తప్పి బద్ద వంకరవుతుంది. ఎక్కువైతే వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. ఒకసారి పెడితే చాలంటాను నేను. ఆవిడ ఒప్పుకుంటేగా! మే ఎండకి ఒకటి, జనవరి చలికి ఒకటి. చెయ్యి తిరగేసి మోటారు మీద ఆనించి, "దీనికి ఒళ్లు కాలుతోంది నాన్నా, ఇరవై తగ్గించు" అనేవారు.

"థర్మామీటర్ పెడదాం ఆంటీ."

"ముందు చెయ్యి, తర్వాతే థర్మామీటరు. మాకు వార్డులో అదే నేర్పారు."

నాలుగేళ్లు అలా దిద్దిన అంకెలవి. ఎక్కడా రాయలేదు, ఆవిడకు నోటికి వచ్చు.

ఆవిడ ఆసుపత్రిలో ఉండగా, తిరిగొచ్చేసరికి మెషీన్ ఇంకా వేగంగా నడవాలని కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాను. పాతదానికి కాపీ తియ్యలేదు. ఆఫీసులో బ్యాకప్ తియ్యని జూనియర్లను రోజూ తిట్టే మనిషిని! నా బుద్ధి గడ్డి తింది. ఆవిడ అంకెలన్నీ చెరిగిపోయి, కంపెనీ వాళ్లవి వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాత ఒక్క బద్ద కూడా సరిగ్గా రాలేదు.

చూడ్డానికి వెళ్తే మొదట అడిగింది దాని గురించే. "మెషీన్ బానే ఉందా నాన్నా? సోమవారం ఒక పాప వస్తుంది, చూపుడువేలు."

అప్పటికే డాక్టర్లు చేతులెత్తేశారు. "ఫస్టుగా ఉంది ఆంటీ" అన్నాను. నిజం చెప్పుంటే మంచం మీంచే ఆ నాలుగూ చెప్పేసేవారు. ఆ పాప ఉత్త చేతులతో వెళ్లిపోయింది.

నిన్న అంకుల్ పైకి పిలిచారు. "ఇక నువ్వే నడుపు బాబూ. దాన్లో ఆవిడ పెట్టినవేవో ఉన్నాయంట కదా, అవి మాత్రం మార్చకు. ఆవిడ చేత్తో చేసినవి ఇంట్లో అవే మిగిలాయి."

"అలాగే అంకుల్."

"ఎక్కడుంటాయి? ఒకసారి చూపించు."

తెర మీద తెరిచాను. కంపెనీ వాళ్ల అంకెలు, నాలుగూ ఒకటే. అంకుల్ కళ్లజోడు తెచ్చుకుని, ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి, మెల్లగా పైకి చదువుకున్నారు.