అత్తయ్య ఒంట్లో తగ్గింది

కళ్ళంలో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో మా అత్తయ్యకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొదిలి దగ్గర మా ఊళ్ళో ఆర్‌ఎంపీ పెట్టిన సెలైన్‌తో తేరుకుంటుందనుకున్నాం. తేరుకోలేదు. లేచి నిలబడబోయి పడిపోయింది. కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకొచ్చి, బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. బీపీ బాగా పడిపోయిందని నేరుగా ఐసీయూలో పెట్టారు. మర్నాడు ఊరి వైపు మబ్బు పట్టిందని ఫోనొస్తే, కాయ మీద పట్టాలు కప్పడానికి మా ఆయన వెళ్ళాడు. ఆమె దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను.

మామయ్య పోయాక కౌలు పొలం కూడా కలుపుకుని మిరప వేయించిన మనిషి అత్తయ్య. ఇప్పటికీ కూలీలతో పాటు వంగి కాయ కోస్తుంది. అలాంటి మనిషి వైర్ల మధ్య కదలకుండా పడుకుని ఉంటే దగ్గరికి వెళ్ళడానికే భయమేసింది.

విరేచనాలు ఆగాయి. బీపీ కుదురుకుంది. పొటాషియం మాత్రం పెరగట్లేదన్నారు. ఎక్కిస్తూనే ఉన్నారు, రక్తం తీసి చూస్తే మళ్ళీ తక్కువే. మధ్యాహ్నం నన్ను లోపలికి పంపినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకోలేకపోయింది. వేళ్ళన్నీ ఒకచోటికి దగ్గరపడి కొంకర్లు పోయాయి.

"ఏమే, నా చేతులకేమైందే? తెరుచుకోవట్లేదు చూడు."

కంగారుగా సిస్టర్‌ని పిలిచాను. వెనకే డ్యూటీ డాక్టరమ్మ వచ్చి చేతులు చూసింది.

"ఈవిడ ఇంట్లో రోజూ ఏం మందులు వేసుకుంటారమ్మా?"

"బీపీ బిళ్లండి. ఇంకా గ్యాస్ బిళ్ల."

"గ్యాస్ బిళ్ల ఎన్నాళ్ళ నుంచి?"

"నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ చూస్తన్నానండి. పొద్దున్నే అది మింగితేగానీ టీ తాగదు."

డాక్టరమ్మ సిస్టర్ వైపు తిరిగింది. "మెగ్నీషియం చూశామా?"

"లేదు మేడమ్."

"ఇప్పుడే రక్తం పంపండి. రిపోర్టు కోసం ఆగొద్దు, మెగ్నీషియం తీసుకురండి."

ఆ మాట పూర్తవుతుండగానే మానిటర్ మోగింది. తెర మీద గీత మెలికలు తిరిగిపోయింది. అత్తయ్య కళ్ళు తేలేసింది. ఎవరో నా భుజం పట్టుకుని బయటికి పంపి తలుపేశారు.

"త్వరగా, త్వరగా!" అన్న కేక ఒక్కటే వినిపించింది. మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఎట్టా ఉంది?"

"ముందు నువ్వు బయల్దేరి రావయ్యా."

"ఏమైందో చెప్పవే!"

నాకే తెలియదు, ఏం చెప్పను? ఫోన్ పెట్టేసి తలుపు వంకే చూస్తూ నిలబడ్డాను.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. నుదురంతా చెమట. "గుండె లయ తప్పిందమ్మా. మెగ్నీషియం ఇచ్చాక సర్దుకుంది. అది తక్కువైతే ఎంత ఎక్కించినా పొటాషియం నిలవదు. ఇంకో రోజు గడిస్తేగానీ ధైర్యం చెప్పలేను."

రిపోర్టు కూడా ఆమె అనుకున్నట్టే వచ్చింది. మందు డ్రిప్‌లో నెమ్మదిగా ఎక్కించారు. మా ఆయన వచ్చేసరికి పొటాషియం పెరగడం మొదలైంది. మర్నాటికి అత్తయ్య వేళ్ళు వదులయ్యాయి.

వార్డులోకి మార్చాక, మెగ్నీషియం తగ్గడానికి గ్యాస్ బిళ్ల కూడా కారణమని విని, అత్తయ్య డాక్టరమ్మని నిలదీసింది. "ఇన్నేళ్ళు ఆ బిళ్ల మింగుతుంటే ఎవరూ వద్దనలేదేమమ్మా?"

"చాలామందికి ఏమీ కాదండి. మీకు ముందే తగ్గుతూ వచ్చుంటుంది, విరేచనాలతో ఇంకా పోయింది. ఆ బిళ్ల ఆపి వేరేది రాశాను. అప్పుడప్పుడూ రక్తం చూపించుకోవాలి."

అత్తయ్య మందుల చీటీ అందుకుని దిండు కింద పెట్టుకుంది. కానీ కోపం పోలేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కారులో నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. అలా కదలకుండా ఉంటే భయమేసి దారిలో ఆమెని తట్టి లేపాను. కాసేపాగి మళ్ళీ లేపాను.

"ఏందే నీ గోల? నిద్ర కూడా పోనివ్వవా?" అంది.

ముందు సీట్లో మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.