మూడో అంతస్తు పైన ఒక మెట్టు

మా నాయన వాళ్ళ నాయనను, అంటే మా జేజినాయనను, ధర్మవరం నుంచి బుక్కరాయసముద్రం దగ్గరి అపార్ట్‌మెంటుకు తీసుకొచ్చినప్పుడు, ఇంటిని ముసలివాళ్ళకు అనువుగా మార్చే పని నాయన తన మీద వేసుకున్నాడు. బాత్రూములో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, జారని టైల్సు, మోకాళ్ళకు శ్రమ లేకుండా ఎత్తైన సోఫా. అన్నీ అయ్యాక జేజినాయనను సోఫాలో కూర్చోబెట్టి మేమంతా ఎదురుగా నిలబడ్డాం. ఆయన, తన స్టాపు ఎప్పుడొస్తుందా అని చూసే బస్సు ప్రయాణికుడిలా, కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి కనిపించేది పక్క అపార్ట్‌మెంటు గోడ. దానికింకా సున్నం కూడా పడలేదు.

ఆయన బతుకంతా గుంత మగ్గం దగ్గర గడిచింది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి, గట్టు మీద కూర్చుని పట్టుచీరలు నేసేవాడు. వీధి తలుపు తెరిచే ఉండేది. దారినపోయేవాళ్ళు గడప దగ్గర ఆగేవాళ్ళు. ఆయన తల ఎత్తకుండానే వాళ్ళ కాళ్ళు చూసి ఎవరో చెప్పి, చేతులు ఆపకుండానే మాట కలిపేవాడు. మోకాళ్ళు మొరాయించాక మగ్గం దిగాడు. మాటలు మాత్రం దిగలేదు.

మా ఇంట్లో మాట్లాడటానికి మనుషులు కావాలి కదా. అమ్మా నాయనా పొద్దున దుకాణానికి పోతే చీకటి పడ్డాకే రాక. నేను ఆఫీసుకు. మిగిలేది సోఫా.

వారం తిరక్కుండానే ఆయన తన చోటు తనే వెతుక్కున్నాడు. మూడో అంతస్తుకూ, మేముండే నాలుగో అంతస్తుకూ మధ్య ఒక మెట్టు. అక్కడ కూర్చుని కాళ్ళు కిందికి వదిలితే సరిగ్గా మగ్గం గుంత లోతు. ఒక్కోసారి పాదాలు, మగ్గం తొక్కినట్టు, ఒకదాని తర్వాత ఒకటి కింది మెట్టును నొక్కుతుండేవి. చీరైతే బయటికి రాలేదు.

మా లిఫ్టు అప్పటికి అలంకారం. బిల్డరు పెట్టాడు, అది కదల్లేదు. పై అంతస్తులవాళ్ళంతా మెట్లెక్కాల్సిందే. జేజినాయన దగ్గరికి వచ్చేసరికి ఆగేవాళ్ళు. ప్రేమతో అని చెప్పను, ఊపిరందక. ఊపిరి తీసుకునేలోపు ఆయన నీళ్ళ ట్యాంకరు సంగతీ, వాన సంగతీ, కోడలి సంగతీ అడిగేసేవాడు. సాయంత్రం నాకు అపార్ట్‌మెంటు వార్తలన్నీ అందేవి. ధర్మవరంలో ముందు కాళ్ళు కనిపించేవట, ఇక్కడ ముందు తలకాయలు కనిపిస్తున్నాయట. అంతే తేడా అన్నాడు.

ఒకరోజు అసోసియేషన్ సెక్రటరీ నీళ్ళ ట్యాంకు చూడ్డానికి మిద్దె మీదికి పోతూ ఆయన్ను చూశాడు. పెద్దాయన మెట్లెక్కలేక మధ్యలో కూలబడ్డాడనుకున్నాడు. మీటింగు పెట్టాడు. అందరి గుండెలూ కరిగాయి. అంతకుముందు ఎన్ని తిట్లు తిన్నా బాగుపడని లిఫ్టు, జాలికి బాగుపడింది. జేజినాయన చేత టెంకాయ కొట్టించి, మొదట ఆయన్నే ఎక్కించారు. పైదాకా పోయి దిగాక, ఎట్లుండాదని అడిగారు.

“గుంతలో నిలబడినట్టుండాది. మగ్గమే లేదు,” అన్నాడు.

అందరూ నవ్వారు. మరుసటి రోజు నుంచి మెట్ల మీద ఒక్కరూ లేరు.

ఆయన మాత్రం తన మెట్టు వదల్లేదు. గాలి కోసమని అమ్మతో చెప్పాడు. అక్కడ గాలి కూడా రాదు. మెట్ల మలుపుల్లో కూర్చునే బల్లలు వేయిద్దామని నేను సెక్రటరీని అడిగాను. లిఫ్టు ఉండంగా ఇంక మెట్లతో పనేముండాదప్పా అని, మంచి మనసుతోనే, కింద లిఫ్టు ఎదురుగా ఒక బల్ల వేయించాడు. జేజినాయన దాని మీద ఒక్క సాయంత్రం కూర్చుని పైకొచ్చేశాడు. ఏమైందని అడిగాను.

“అందరూ లిఫ్టు తలుపుకే మొగం పెట్టి నిలబడతాండారు. వీపులతో ఏం మాట్లాడేదిరా?”



మరుసటి సాయంత్రం నేను మెట్లెక్కి వచ్చాను. మలుపు తిరిగేసరికి ఆయన నా తలకాయ చూసి నడుం నిటారుగా చేశాడు.

“లిఫ్టు చెడిపోయినాదా?”

“చెడిపోయినాది, జేజినాయనా.”

“అట్లనా. పాపం.” ఆ పాపంలో బాధ ఎంత వెతికినా దొరకలేదు. “నిదానంగా బాగు చేసుకోనీలే. కూచో, ఆయాసపడతాండావు.”

కింది మెట్టు మీద కూర్చున్నాను. అంతలో గోడ వెనక లిఫ్టు మూలుగుతూ పైకి పోయి, మా తలల మీద ఎక్కడో ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎవరివో తాళాలు గలగలమన్నాయి. జేజినాయన తన పాదాల వైపు చూసుకున్నాడు. నేను గోడ వైపు చూశాను.

“ట్యాంకరొచ్చినాదా?” అన్నాడు.

అది మాత్రం నిజంగానే వచ్చింది. గేటు దగ్గర ఎవరి బిందె ముందుందో, ఎవరు ఎవరిని ఏమన్నారో, ఊపిరి అందుకుంటూ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.